రేవువైపు కొస

"చంపింది ఉప్పునీళ్ళు కావు. మీరు! ఇక్కడ వరసగా కూర్చున్న మీరే!"

మైలపిల్లి పోలేశ్వరి ఆ మాట అన్నది విచారణ హాల్లో, అందరి ముందూ. ఆమెని పిలిచింది సాక్షిగా. సాక్షి అన్నాక అడిగినదానికి జవాబు చెప్పి కూర్చోవాలి. ఆమె అడక్కుండానే మొదలుపెట్టింది, పైగా వేలు పెట్టి చూపించింది. ముందు వంతెన నడిపే నిత్యవారధి కంపెనీ మేనేజరు చక్రధర్ని. తర్వాత అతని పక్కన తల వంచుకుని కూర్చున్న డాక్టర్ ఉదయభాస్కర్ని. ఆయన ఆమెకి చదువు చెప్పినవాడు, ఆమె పనిచేసే ప్రయోగశాలకి పెద్ద. అయినా ఆయన్ని చూపించిన వేలు దించలేదు.

అంతకుముందే కంపెనీ వకీలు లేచి చక్కగా వినిపించి కూర్చున్నాడు. చేపలమ్మే ఆడవాళ్ళు వంతెన మెట్ల కింద ఐసు కరిగిన ఉప్పునీళ్ళు పారబోశారట. ఏళ్ళ తరబడి పారబోశారట. లోహం తుప్పుపట్టి విరిగిందట. అంటే చచ్చినవాళ్ళే తమని చంపుకున్నారన్నమాట. ఈ దేశంలో పేదవాడి చావుకి కారణం వెతకడం ఎంత సులువో చూడండి, వాడి శవం దగ్గరే దొరికిపోతుంది.

విచారణ జరిపే రిటైర్డ్ జడ్జి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కూర్చోమ్మా. మొదట్నుంచి చెప్పు."

"నిలబడే చెప్తానండి," అంది పోలేశ్వరి.

*

మొదలంటే ఎండుచేపల బరకం దగ్గర మొదలుపెట్టాలి.

పోలేశ్వరి తల్లి కాసులమ్మ రేవుపేట సంతలో చేపలమ్మేది. కూతురు శంఖుకొండ మీద లోహాల ప్రయోగశాలలో ఉద్యోగానికి చేరిందని నలుగురికీ చెప్పుకుంది గానీ, అక్కడ చేసేదేమిటో ఆమెకి అంతుపట్టలేదు. ఒకరోజు ఇసకలో బరకం పట్టా పరిచి ఎండుచేపలు ఆరబోస్తూ అడిగేసింది.

"అది గాదే పోలీ, ఇనుమూ సత్తూ కొనుక్కుంతే దొరుకుతాయి గదా. మీరంతా కూకుని దాన్ని సూడ్డమేటి?"

పోలేశ్వరి చేపలు పరిచిన పెద్ద బరకాన్ని రెండు చేతులా పట్టుకుని లాగింది. కదల్లేదు. అప్పుడు ఒక అంచు దగ్గర బరకాన్ని కొంచెం పైకి లేపి ముడత చేసి, ఆ ముడతని కాలితో ముందుకు నెట్టుకుంటూ పోయింది. ముడత ఈ అంచు నుంచి ఆ అంచుకి పోయి మాయమైంది. బరకం మొత్తం బెత్తెడు జరిగింది.

"లోహం వంగడం కూడా ఇలాగేనే అమ్మా. లోపల అణువులు వరసలు వరసలుగా ఉంతాయి. ఆ వరసల్లో ఇలాంటి ముడతలుంతాయి. ముడత జరిగితే వరస జరుగుద్ది. అందుకే లోహం పగలకుండా వంగుద్ది."

"మరి ముడతల మీద ముడతలు పడిపోతే?"

"ఒకదానికొకటి అడ్డంపడి బిగుసుకుపోద్ది. ఇంక వంగదు. ఇరుగుద్ది."

కాసులమ్మ నడుం మీద చెయ్యేసుకుని బరకాన్నీ కూతుర్నీ మార్చి మార్చి చూసింది. "నీ సదువంతా నా బరకం మీదే ఉందేటే! మరి ఇన్నేళ్ళు హాస్టల్లో ఏటి తిన్నావు?"

పక్కన పీతలు ఏరుతున్న అప్పలనర్సి పకపకా నవ్వింది.

ఆ ముడతలకి పుస్తకాల్లో స్థానభ్రంశాలని బరువైన పేరుంది. పోలేశ్వరి నోట మాత్రం అప్పట్నుంచీ ముడతలే. ప్రయోగశాలలో అల్యూమినియంలో వెంట్రుకంత సన్నటి పింగాణీ పోగులు కలిపి కొత్త రకం దూలాలు తయారుచేసేవాళ్ళు. పోగుల వల్ల దూలానికి బలం. కానీ బండి ఎక్కినప్పుడల్లా, గాలి ఊపినప్పుడల్లా లోపల కొత్త ముడతలు పుడతాయి. అవి జరుగుతూ జరుగుతూ పోయి పోగుకి కొట్టుకుని ఆగిపోతాయి. వెనక నుంచి ఇంకొకటి, ఇంకొకటి. రేషను డిపో గేటు దగ్గర తోపులాటలో ముందు నిలబడ్డవాడి డొక్క మీద వెనకున్న వాళ్ళందరి బరువూ పడ్డట్టు, మొదటి ముడత మీద అన్నిటి తోపుడూ పడుతుంది. బీట అక్కడ పుడుతుంది.

ఉదయభాస్కర్ కనిపెట్టింది ఆ గేటు తెరిచే ఉపాయం. దూలంలోకి ఒక లయలో కరెంటు కొడితే ముడతలు పోగుల్ని ఎక్కి దాటి, నడిచి నడిచి దూలం కొసకి పోతాయి. నడుమ భాగం నిన్న పోతపోసినంత కొత్తగా మిగులుతుంది. చెత్త ఊడ్చినట్టే కనక దానికి 'ఊడ్పు' అని పేరు పెట్టారు. రోజూ ఊడిస్తే దూలానికి ముసలితనమే రాదన్నారు. చప్పట్లు కొట్టారు. శాలువాలు కప్పారు.

చప్పట్లు కొట్టినవాళ్ళలో ఒక్కడు కూడా కొసలు చూడలేదు. చూడకపోవడానికి కారణం కూడా ఉంది. పరీక్షకి పెట్టే ముక్కని యంత్రం రెండు కొసల్లోనూ దవడలతో కరిచి పట్టుకుంటుంది. యంత్రం కరిచిన భాగం చెడిపోయినట్టు లెక్క. అందుకని పరీక్ష అవ్వగానే ఆ కొసల్ని రంపంతో కోసి డబ్బాలో పడేస్తారు, నడుమ ముక్కనే సూక్ష్మదర్శిని కింద పెడతారు. అన్ని ప్రయోగశాలల్లో అదే పద్ధతి. తప్పు అని ఎవరికీ తోచనంత పాత పద్ధతి. చెత్తంతా కొసకి పోతుందని కనిపెట్టిన మనుషులు కొస కోసి పారేసి, 'ఆహా చెత్త లేదు' అన్నారు.

పారేసిన ముక్కల్లో కొన్నిటిని పోలేశ్వరి ఇంటికి తెచ్చింది. గంపల మీద కప్పే గోనెలు గాలికి ఎగరకుండా కాసులమ్మ వాటిని బరువు పెట్టుకునేది. పీత డెక్కలు చితకడానికి కూడా బాగున్నాయనేది.

*

ఆ దూలాలతో వంతెన కట్టారు. ఇటు రేవుపేట, అటు శంఖుకొండ మీద ఆఫీసులు. కింద రైలు పట్టాలూ, మురుగుకాలవా, సరుకు గోదాములూ. పైన గాలిలో తేలినట్టు తెల్లటి వంతెన. రేవువైపు కొస సంత మధ్యలో దిగింది. మెట్లెక్కే చోట వెడల్పాటి తిన్నె ఒకటి గాలిలోకి చాచుకుని ఉండేది, దాని బరువంతా వంతెన కొసకి విడిగా బిగించిన దిమ్మ మీద, ఊడ్చిన ముడతలన్నీ వచ్చి చేరేది కూడా ఆ దిమ్మలోకే. ఆ తిన్నె కింద నీడ. రేవుపేట మొత్తానికి ఉన్న నీడ అదొక్కటే. రోడ్డు పక్కన కూర్చోకూడదని తరిమిన కంపెనీవాళ్ళే, 'ఇదిగో, మీ చోటు ఇది' అని ఆడవాళ్ళకి ఆ నీడ చూపించి ఫొటోలు తీయించుకున్నారు.

రోజూ దీపాలవేళకి వంతెన మీద రాకపోకలు కాసేపు ఆపేవారు. గుయ్యిమని సన్నటి రొద మొదలయ్యేది. తిన్నె కింద కూర్చున్నవాళ్ళకి పళ్ళు జివ్వుమనేవి.

"అదేటే ఆ మోత?" అంది కాసులమ్మ మొదటిసారి.

"ఊడుత్తన్నారే అమ్మా. లోపలి ముడతలన్నీ కొసకి నెడతన్నారు."

"దీపాలెట్టినాక ఊడుత్తారేటే, బుద్ది నేదా?" కాసులమ్మ నొసలు చిట్లించింది. "ఒకేళ ఊడిసినా ఆ సెత్త మూలకెట్టి ఉంచాల, పొద్దున్నే ఎత్తి పారబొయ్యాల. మరి ఆళ్ళ సెత్త ఏ మూలుంది? ఎవులెత్తుతున్నారు?"

"దిమ్మ ఉందిలే. నిండితే మారుత్తారు," అంది పోలేశ్వరి. అంది గానీ, నిండిందని ఎలా తెలుస్తుందో తనకి తెలియదని ఆ మాట అన్నాక తట్టింది. తట్టిన మాటని పనిలో పడి మర్చిపోయింది.

గుర్తుచేసింది పీత. వేసవిలో ఒక మధ్యాహ్నం కాసులమ్మ పీత డెక్కని ఆ లోహపు ముక్క మీద పెట్టి రాయితో కొట్టింది. డెక్క పగల్లేదు. ముక్క పగిలింది. వంగలేదు, నొక్కుపడలేదు. గాజులా పగిలి చిందిపోయింది.

"ఓలమ్మో! ఇదేటే నీ సదువు, ఇలాగ పగిలిపోయినాదీ?" అని కాసులమ్మ నవ్వింది. పోలేశ్వరి నవ్వలేదు. ఆ ముక్కలు ఏరి పైటచెంగులో మూటకట్టింది. అది ఊడ్పు పరీక్షలు మొదలయ్యాక తెచ్చిన ముక్క. ముడతలు నిండిన కొస.

*

మర్నాడు ఆ పెంకుల్ని తనే సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఉదయభాస్కర్ని పిలిచింది. ఆయన చాలాసేపు కన్ను తియ్యలేదు. తీసినప్పుడు ఆ కన్ను ఎర్రగా ఉంది.

"మనం కొసలు చూడలేదు," అన్నాడు, తనలో తను అనుకున్నట్టు.

"చూడలేదు సార్. వంతెన కొస దిమ్మలు మార్చారా?"

"మార్చాలనే కదా విడిగా పెట్టించాను. రోజు మార్చి రోజు రెండు వైపులకీ ఊడ్చేట్టు కూడా పెట్టించాను, భారం ఒక్క వైపే పడకూడదని. ఎప్పుడు మార్చాలన్నది వాళ్ళు చూసుకుంటారు."

"వాళ్ళకేం తెలుసు సార్? మనకే తెలీదు కదా!"

ఆయన ఫోన్ తీశాడు. ఆమె ఎదురుగానే కంపెనీతో మాట్లాడాడు. మొదట గట్టిగా, తర్వాత మామూలుగా, చివరికి 'అవునండి, అవునండి' అని. ఫోన్ పెట్టేసి కిటికీ బయటకి చూశాడు. "పరీక్ష ఫలితాలు పంపమంటున్నారు. పద్ధతి ప్రకారం చేసిన పరీక్ష."

"పద్ధతి ప్రకారం అంటే కొసలు కోసి పారేశాక చేసేది."

"నాకు తెలుసు పోలేశ్వరీ. కొంచెం టైమివ్వు. ఈ మాట ఇప్పుడు బైటికి పొక్కితే ఊడ్పే ఆగిపోతుంది. ఇరవయ్యేళ్ళ పని."

మంచివాడే. మంచివాళ్ళతోనే వచ్చింది చిక్కంతా. చెడ్డవాడు చేసే హానికి ఒక హద్దుంటుంది, వాడిని ఎవడూ నమ్మడు కాబట్టి.

పోలేశ్వరి సంతకి పరిగెత్తింది. తల్లి చెయ్యి పట్టుకుని లాగింది. "లెగే అమ్మా. ఇక్కడ కూకోకు. ఇది పడిపోద్ది."

కాసులమ్మ లేవలేదు. కానాగంత చేపలు కోసే కత్తిపీట పక్కకి జరిపి, చేతులు కడుక్కుని, కూతురి మొహంలోకి చూసింది.

"పడతాదా?"

"పడతాది. ఎప్పుడని సెప్పలేను."

"నీ మాట నమ్మినాను. మరి నాను లెగిసిపోతే ఈ సోటు ఖాళీగా ఉంతాదేటి? ఇంత నీడ! నా గంప తీసిన మరు నిమిషం ఇంకొకర్తి గంప దించుద్ది. దాని మీద పడితే పరవానేదా?"

పోలేశ్వరి తల తిప్పి నీడలో వరసగా ఉన్న గంపలన్నిటినీ చూసింది.

"లెగిత్తే అందరం లెగాల," అంది కాసులమ్మ. "అందరికీ సెప్పు. బరకం కత సెప్పకు, ఎవులికీ బుర్రకెక్కదు. ఆ ముక్క పగలగొట్టి సూపించు."

చూపించింది. ఇంకో కొస ముక్క తెచ్చి, సంత మధ్యలో రాయిమీద కొట్టింది. ఆడవాళ్ళు చుట్టూ మూగారు. అప్పలనర్సి ఒక పెంకు తీసి వేళ్ళ మధ్య నలిపి చూసి, తలెత్తి తిన్నె వంక చూసింది. "ఓలే కాసులూ, మన నెత్తి మీద ఉన్నది ఇదేనేటే? దీని కిందా నిన్నంతా నాను కునుకు తీసినాను?"

ఆ మర్నాడే లేచారు. గంపలన్నీ ఎత్తుకుని రోడ్డుమీదికి వచ్చి, ఎండలో వరసగా కూర్చున్నారు. కానాగంతల మీద తడిగోనెలు కప్పుకున్నారు. ఎవరూ గొడవ చెయ్యలేదు, నినాదాలివ్వలేదు. తల్లి రోడ్డు మీద కూర్చోవడం కళ్ళారా చూశాకే, పొద్దు వాలుతుండగా, పోలేశ్వరి కొండమీదికి, ఊడ్పు నడిపే గదికి బయల్దేరింది.

*

గదిలో చక్రధర్ ఉన్నాడు. మర్యాదగా కుర్చీ చూపించాడు. "మీ సార్ ఫోన్ చేశారని కొండవైపు దిమ్మ పరీక్ష చేయించామండి. బ్రహ్మాండంగా ఉంది. కొత్తదానిలా ఉంది."

కొత్తదానిలా ఉంది అనగానే పోలేశ్వరి కూర్చోబోయి ఆగింది. రెండు వైపులకీ ఊడుస్తుంటే అది కొత్తగా ఎలా ఉంటుంది? గోడమీద పలకకేసి చూసింది. గుండ్రటి మీట. ఒక పక్క 'కొండ', ఇంకో పక్క 'రేవు'. బాణం రేవువైపు తిరిగి ఉంది. మళ్ళీ తిరక్కుండా దానికి తీగ చుట్టి సీలు వేశారు. సీలు మీద దుమ్ము పేరుకుని ఉంది.

"రోజు మార్చి రోజు తిప్పాలి కదా?"

"మొదట్లో తిప్పేవాళ్ళమండి. కానీ కొండవైపు దిమ్మ మార్చాలంటే మెయిన్ గేటు మూసెయ్యాలి. అటు ఆఫీసులు, స్కూళ్ళు, పెద్దపెద్దవాళ్ళ ఇళ్ళు. ఒకటే ఫిర్యాదులు! రేవువైపు ఆ సమస్య లేదు. ఇన్నాళ్ళలో ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు."

"అడిగారా?"

"ఏమిటండి?"

"మీ చెత్తంతా మీ నెత్తిమీద పోస్తున్నాం, ఏమైనా ఫిర్యాదుందా అని ఆ ఆడవాళ్ళని అడిగారా? ఆ దిమ్మ ఒక్కసారైనా మార్చారా?"

చక్రధర్ ఫోన్ చూసుకున్నాడు. "ప్రోగ్రాంలో ఉందండి."

"ఇవాళ ఊడవకండి. ఇవాళ ఒక్కరోజు ఆపండి."

"అలా ఎవరు పడితే వాళ్ళు వచ్చి ఆపమంటే..." అతను నవ్వాడు. "అయినా ఇప్పుడు దాని కింద ఎవరున్నారు? రోడ్డెక్కి కూర్చున్నారటగా మీవాళ్ళు. ఆ సంగతి కూడా చూసుకున్నాం లెండి."

చూసుకున్నాం అనే మాటకి అర్థం పోలేశ్వరికి ఆ క్షణంలో తెలియలేదు. తర్వాత విరిగిన చేతికి కట్టు కట్టించుకుంటూ అప్పలనర్సి చెప్పింది.

"కార్లు ఆగిపోయినాయని సెక్యూరిటీవోళ్ళు ఒచ్చినారమ్మా. 'మీకు సోటిచ్చినాం గదా, అక్కడికి పోండి' అన్నారు. మేం లెగలేదు. మా ఒంటి మీద సెయ్యెయ్యలేదు, అబద్దం ఎందుకాడాల. గంపలెత్తినారు. మా గంపలన్నీ ఎత్తుకుపోయి తిన్నె కిందెట్టేసినారు. సరుకంతా అందులోనే ఉంది గదా తల్లీ. గంపెక్కడుంతే మేమక్కడ. మీయమ్మ అందరికంటే ఎనక ఎల్లింది. 'బేగి ఎత్తుకుని ఒచ్చీండే, కూకోకండే' అని అరుత్తానే ఉంది."

దీపాలవేళ అయింది. చక్రధర్ బొత్తాం నొక్కాడు. గుయ్యిమంది.

కొండమీది కిటికీలోంచి రేవు కనిపిస్తుంది. పోలేశ్వరి చూస్తూనే ఉంది. తల్లి రోడ్డు మీదే ఉందనుకుంటూ చూస్తూ ఉంది. పెద్ద చప్పుడేమీ రాలేదు. గాజుల మలారం చేతిలోంచి జారిపడినట్టు గలగలమంది, అంతే. తెల్లటి తిన్నె అక్కడ లేదు.

వంతెన మాత్రం నిలబడే ఉంది. నడుమంతా కొత్తదానిలా మెరుస్తోంది.

*

"తొమ్మిది మంది," అంది పోలేశ్వరి విచారణ హాల్లో. "బైటికి తీసేసరికి మా అమ్మ చేతిలో గంప ఇంకా ఉందండి."

వకీలు లేచాడు. "సాక్షి బాధని మేం అర్థం చేసుకోగలం. కానీ తుప్పు..."

ఆమె సంచీలోంచి రెండు ముక్కలు తీసి జడ్జి ముందు బల్లమీద పెట్టింది. "ఇది వంతెన నడుమ ముక్క. ఇది మా అమ్మ మీద పడ్డ తిన్నెని మోసిన దిమ్మ ముక్క. తుప్పు ఎక్కడుందో మీరే చూడండి. చూసి, రెండూ నేల మీద పడెయ్యండి."

జడ్జి నడుమ ముక్క వదిలాడు. ఖంగున మోగి దొర్లింది. రెండోది వదిలాడు. అది మోగలేదు. పెంకులు వకీలు బూట్ల దాకా చిందాయి.

పోలేశ్వరి ఉదయభాస్కర్ వైపు తిరిగింది.

"సార్, ఈ ఊడ్పు నడిచే వంతెనలు ఇంకా ఉన్నాయి కదా. ఉప్పుటేరు వంతెన ఎటువైపు ఊడుస్తోంది?"

తిన్నె పడ్డాకే ఆ సంగతి కనుక్కున్న ఆయన తలెత్తకుండా అన్నాడు. "పాకలవైపు."

"బస్టాండు వంతెన?"

"కూలీల అడ్డావైపు."

"పెద్దాస్పత్రి వంతెన?"

ఉదయభాస్కర్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "ఉచిత వార్డువైపు."

హాల్లో వెనక బెంచీల మీద కూర్చున్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. అప్పలనర్సి కట్టు కట్టిన చేతిని గుండెకి ఆనించుకుని అందరికంటే ముందుంది. గార్డు కూర్చోమన్నాడు. వాళ్ళు కూర్చోలేదు.

జడ్జి గొంతు సవరించుకున్నాడు. "విచారణ సంఘం ఈ విషయాన్ని తప్పకుండా పరిశీలిస్తుంది. నివేదికలో..."

"నివేదిక తర్వాత రాసుకోండి," అంది పోలేశ్వరి. "మాకు కావలసింది చెప్తాను, వినండి. ఆ మూడు వంతెనల మీదా ఊడ్పు ఆపాలి. కొసల కింద ఉన్నవాళ్ళకి వేరే నీడ చూపించాలి, తరమడం కాదు, చూపించాలి. దిమ్మలు కోసి, జనం ముందు పెట్టి పగలగొట్టాలి. ఆ తర్వాత మళ్ళీ ఊడవాలనిపిస్తే, ఏ కొసకి ఊడుస్తారో ఆ కొస కింద కూర్చునేవాళ్ళని అడిగి ఊడవండి."

ఆమె కిటికీ వైపు చూసింది. ఎండ పచ్చబడి, నీడలు గోడ ఎక్కుతున్నాయి. బల్ల మీద చక్రధర్ ముందున్న ఫోన్ తీసి జడ్జి ముందు పెట్టింది.

"ఆపమని ఇప్పుడే ఫోన్ చెయ్యండి. దీపాలవేళ అవుతోంది."